ఊరేగింపుకు వీపు పెట్టి నిలబడ్డ మనిషి

(పత్రికా ఫోటోగ్రాఫర్లు, పాఠకులు కలిసి ఒక గ్రంథాలయంలో జరుపుకున్న సభలో చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎత్తి రాసినది.)

సభలోని పెద్దలకు, మిత్రులకు, కెమెరా సంచి భుజాన వేసుకుని డ్యూటీ మీద నుంచి నేరుగా ఇక్కడికి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

నా ప్రసంగాన్ని ఒక ఊరేగింపుతో మొదలుపెడతాను. 1937వ సంవత్సరం, మే 12వ తేదీ. లండన్ నగరంలో ఆరవ జార్జి పట్టాభిషేకం. ఆనాటికి మన దేశానికి కూడా ఆయనే చక్రవర్తి అన్న సంగతి మరిచిపోకండి. ఆ వేడుకను ఫోటోలు తీసి పంపమని పారిస్ నుంచి వెలువడే ‘రెగార్’ అనే వామపక్ష వారపత్రిక 28 ఏళ్ళ యువకుణ్ణి లండన్‌కు పంపింది. ఆయన వెళ్ళాడు, రోజంతా తిరిగాడు, ఫోటోలు తీశాడు, తెచ్చి ఇచ్చాడు. వాటిలో ఒక్క దానిలోనూ రాజు లేడు. మళ్ళీ చెబుతున్నాను, రాజుగారి పట్టాభిషేకానికి వెళ్ళిన పత్రికా ఫోటోగ్రాఫరు రాజుగారి ఫోటో ఒక్కటి కూడా తేలేదు.

మరి ఏం తెచ్చాడు? రథం కోసం మెడలు చాచి చూస్తున్న జనాన్ని తెచ్చాడు. ముందువాళ్ళ తలలు అడ్డం రాకుండా పెరిస్కోపులు పైకెత్తి చూస్తున్న ఆడవాళ్ళను తెచ్చాడు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో తీసిన ఒక ఫోటో ఉంది. పైన రాతి గట్టు మీద జనం వరసగా కూర్చుని ఉన్నారు, అందరి కళ్ళూ ఊరేగింపు మీదే. ఆ గట్టు కింద, రాత్రంతా కాచుకున్నవాళ్ళు పారేసిన వార్తాపత్రికల కుప్పలో, ఒక మనిషి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. పైన చక్రవర్తి వైభవం కళ్ళారా చూస్తున్నవాళ్ళు, కింద ఆ వైభవం గురించి రాసిన కాగితాల మీదే పడుకున్నవాడు. ఇంతకంటే ఆ రోజు గురించి ఏ ఫోటో ఏం చెప్పగలదు, చెప్పండి?

ఆ యువకుడి పేరు హెన్రీ కార్టియర్-బ్రెస్సన్. ఫ్రెంచివారు ఆఁరీ కార్తియే-బ్రెసోఁ అని పలుకుతారు. నేను మన పత్రికలకు అలవాటైన పలుకుబడితోనే చెబుతాను, మన్నించండి. పత్రికా ఛాయాచిత్రకళకు ఆయన్ను ఆద్యులలో ఒకరిగా ప్రపంచం గౌరవిస్తుంది. ఆయన గురించి చెప్పవలసింది చాలా ఉంది కాని, నేను ఈ సాయంత్రం ఒక్క విషయం పట్టుకుని నడుస్తాను. అందరూ ఎటు చూస్తున్నారో అటు కాకుండా, చూస్తున్నవాళ్ళ వైపు తిరిగి నిలబడడం అనే పనిని ఆయన జీవితమంతా చేశారు. ఆ పని ఎక్కడెక్కడ చేశారు, ఎలా చేశారు, మన దేశంలో ఎలా చేశారు అన్నదే నా ప్రసంగ విషయం.

ఆయన 1908 ఆగస్టు 22న పారిస్‌కు తూర్పున షాంత్‌లూ-ఆఁ-బ్రీ అనే ఊళ్ళో పుట్టారు. కలిగిన ఇల్లు. వాళ్ళది కుట్టు దారాల వ్యాపారం. ఆ రోజుల్లో ఫ్రాన్సులో ఏ ఇల్లాలి కుట్టుపెట్టె తెరిచినా కార్టియర్-బ్రెస్సన్ వారి దారపుండ కనిపించేదని చెబుతారు. తండ్రికి కొడుకు వ్యాపారంలోకి రావాలని ఉండేది. కొడుక్కి బొమ్మలు వేయాలని ఉండేది. చిత్రకారుడైన చిన్నాన్న లూయీ ఆ పిల్లవాణ్ణి తన చిత్రశాలకు తీసుకువెళ్ళేవారు. ఆ చిన్నాన్న మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయారు. ఆ తర్వాత ఆంద్రే లోత్ అనే చిత్రకారుని వద్ద బ్రెస్సన్ శిష్యరికం చేశారు. గీతలు, కోణాలు, ఒక చట్రంలో వస్తువుల్ని అమర్చే లెక్క, ఇదంతా అక్కడే ఒంటబట్టింది. తర్వాతి కాలంలో పత్రికలకు పని చేసినప్పుడు కూడా, సొంత ఇంటిపేరు మొత్తం వాడడానికి జంకి, ‘కార్టియే’ అని మాత్రమే వేయించుకునేవారు. ఆ సంపన్న కుటుంబానికీ, ఈయన తిరిగిన వీధులకూ నడుమ ఉన్న దూరం ఆయనకు తెలుసునని నేను అనుకుంటాను.

ఇరవై రెండేళ్ళ ప్రాయంలో ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌కు వెళ్ళి, అడవుల్లో వేటాడి బతికారు. అక్కడ నల్లమూత్రపు జ్వరం పట్టుకుంది. అది మలేరియా ముదిరి వచ్చే జబ్బు. ఆ రోజుల్లో అది వస్తే బతకడం కష్టం. ఇక పోతాననుకుని, తన అంత్యక్రియలు ఎలా జరపాలో చెబుతూ తాతగారికి ఉత్తరం కూడా రాశారు. బతికి ఇంటికి చేరారు. కోలుకుంటున్న ఆ రోజుల్లోనే మార్టిన్ ముంకాచీ అనే హంగేరీ ఫోటోగ్రాఫరు తీసిన ఒక ఫోటో ఆయన కంటపడింది. టాంగన్యీకా సరస్సు అలల్లోకి పరుగెత్తుతున్న ముగ్గురు నల్లపిల్లల ఫోటో అది. వాళ్ళ వెనకభాగమే కనిపిస్తుంది, ముఖాలు కనిపించవు. ఆ పరుగులోని ఆనందం చూసి, ఒక కెమెరా ఇంత పని చేయగలదా అని ఆయన చకితులయ్యారు. ఆ ఒక్క ఫోటోయే తనను ఫోటోగ్రఫీలోకి తోసిందని జీవితాంతం చెప్పుకున్నారు. 1932లో మార్సెయ్ నగరంలో లైకా కెమెరా కొన్నారు.

లైకా గురించి ఒక్క నిమిషం. ఇక్కడున్న కుర్రవాళ్ళకు ఇది చెప్పి తీరాలి. అంతకు ముందు పత్రికా ఫోటోగ్రాఫర్ల చేతుల్లో ఎక్కువగా ఉండేవి పెద్ద పెట్టె కెమెరాలు, గాజు పలకలు, భగ్గుమనే ఫ్లాష్‌లు. 1925లో బజారులోకి వచ్చిన లైకా చొక్కా మీద వేసుకునే కోటు జేబులో పట్టేది. సినిమా ఫిల్ముతో నడిచేది. ఒక రీలుకు 36 ఫోటోలు. బ్రెస్సన్ దానికి దాదాపు ఎప్పుడూ 50 మిల్లీమీటర్ల లెన్సే వాడారు, ఎందుకంటే మనిషి కన్ను చూసే తీరుకు అది దగ్గర. కెమెరా మీద మెరిసే లోహపు భాగాలకు నల్ల టేపు అంటించేవారు. ఫ్లాష్ వాడేవారు కాదు. ఫ్లాష్ వేయడమంటే కచేరీకి చేతిలో తుపాకి పట్టుకుని వెళ్ళడం లాంటిదని ఆయన మాట. కచేరీలో కూర్చున్నవారి నడుమకు ఎలా వెళ్ళాలో అలాగే వెళ్ళేవారు, అంటే పిల్లి అడుగులతో, ఎవరి ఏకాగ్రతా చెడకుండా.

ఆ 1932లోనే పారిస్‌లో సెయిఁ-లాజార్ రైల్వే స్టేషను వెనక తీసిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. నీటి మడుగు మీదుగా ఒక మనిషి దూకుతున్నాడు, మడమ ఇంకా నీళ్ళను తాకలేదు, కింద అతని నీడ అద్దంలో మాదిరిగా పడుతోంది. వెనక గోడ మీది పోస్టరులో ఒక నర్తకి కూడా అదే తీరున గాలిలో ఎగురుతోంది. చెక్కల దడి సందులోంచి లెన్సు దూర్చి తీసిన ఫోటో అది. ఆ దడి చెక్క కొంత అడ్డం వచ్చింది కాబట్టి ఆ ఫోటో అంచును కత్తిరించవలసి వచ్చింది. ఫోటోల అంచులు కత్తిరించడానికి ఎంతమాత్రం ఒప్పుకోని మనిషి, అరుదుగా ఒప్పుకున్న సందర్భాలలో అది ఒకటి.

ఈ ఫోటో పేరు రాగానే అందరూ ‘నిర్ణాయక క్షణం’ అంటారు. ఫోటోగ్రఫీ క్లాసు మొదటి రోజున చెప్పే మాట అది. ఆ మాట గురించి నాకు చిన్న అభ్యంతరం ఉంది, మీతో పంచుకుంటాను. 1952లో ఆయన ఫోటోల పెద్ద పుస్తకం పారిస్‌లో తేరియాద్ అనే ప్రచురణకర్త వేశారు; అట్ట మీది బొమ్మ ప్రసిద్ధ ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ స్వయంగా చేసి ఇచ్చారు. ఇంగ్లీషు ప్రచురణకు అమెరికా ప్రచురణకర్తలు ‘నిర్ణాయక క్షణం’ అని పేరు పెట్టారు. అది పుస్తకం మొదట్లో ఉటంకించిన పాత ఫ్రెంచి వాక్యంలోంచి తీసిన మాట. కాని ఫ్రెంచి పుస్తకం పేరు అది కాదు. ఆ పేరులో ఉన్నది ‘ఆ లా సోవెత్’ అనే పలుకుబడి. లైసెన్సు లేకుండా వీధిలో సరుకు అమ్ముకునేవాళ్ళ గురించి ఫ్రెంచివాళ్ళు ఆ మాట వాడతారు. మనకు తెలియని దృశ్యమా అది? బస్టాండు ముందు పట్టా పరిచి దువ్వెనలో, తాళంచెవుల గొలుసులో పెట్టుకుని అమ్మేవాడు, పోలీసు వస్తున్నాడని కేక వినపడగానే నాలుగు మూలలూ పట్టుకుని మూట కట్టి సందులోకి మాయమవుతాడు చూడండి, ఆ తీరు. దొరికిందే తడవుగా, ఎవరూ తరిమేలోపు పట్టుకున్న బొమ్మలు అని ఆ పేరుకు అర్థం.

ఈ రెండు పేర్లకూ ఎంత తేడా ఉందో ఆలోచించండి. ‘నిర్ణాయక క్షణం’ అన్నప్పుడు ఫోటోగ్రాఫరు ఒక విలుకాడు, గురి చూసి కొట్టేవాడు. రెండో పేరులో ఫోటోగ్రాఫరు వీధి మనిషి. ఆ వీధిలో తనకు ప్రత్యేకమైన హక్కు ఏమీ లేదని తెలిసినవాడు. నేను రెండో పేరునే నమ్ముతాను. ఆయన పనిని దగ్గరగా చూసిన కొద్దీ అదే సరైన పేరని నాకు అనిపిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధంలో ఆయన ఫ్రెంచి సైన్యపు సినిమా, ఫోటో విభాగంలో ఉన్నారు. పట్టుబడబోతున్నామని తెలిసి తన లైకాను వోజ్ ప్రాంతంలో ఒక పొలంలో పాతిపెట్టారు. 1940 జూన్‌లో జర్మన్లకు చిక్కారు. దాదాపు మూడేళ్ళు ఖైదీగా కూలిపని చేశారు. రెండుసార్లు పారిపోబోయి దొరికిపోయారు. మూడోసారి, 1943లో, తప్పించుకున్నారు. వెళ్ళి ఆ పొలంలో మట్టి తవ్వి కెమెరాను బయటికి తీశారు. అమెరికాలో మాత్రం ఆయన యుద్ధంలో చనిపోయారనుకుని న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం వారు ‘మరణానంతర ప్రదర్శన’ ఏర్పాట్లు మొదలుపెట్టారు. ఆ ప్రదర్శన 1947లో తెరుచుకున్నప్పుడు చనిపోయాడనుకున్న మనిషే స్వయంగా వెళ్ళి సాయపడ్డారు. ఆ ప్రదర్శన పుస్తకాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అది మనకు ఢిల్లీలో మళ్ళీ కనబడుతుంది.

1945లో జర్మనీలోని దెస్సావ్ దగ్గర ఒక శిబిరంలో తీసిన ఫోటో గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. విడుదలైన ఖైదీలు, కాందిశీకులు ఇళ్ళకు తిరిగి వెళ్ళే దారిలో ఆగే శిబిరం అది. ఆ తిరుగు ప్రయాణాల మీద ఆయన ఒక డాక్యుమెంటరీ తీస్తున్నారు. నాజీల రహస్య పోలీసులకు సమాచారం చేరవేసిన ఒక స్త్రీని మరొక స్త్రీ గుర్తుపట్టింది. బల్ల ముందు తల వంచుకుని ఒకామె, పళ్ళు కరిచి ఆమె మీదికి వస్తున్న ఇంకొకామె, బల్ల దగ్గర కూర్చుని విచారిస్తున్న యువకుడు. నేరస్థురాలి ఫోటో అనుకుంటే అక్కడితో చూడడం ఆపేయవచ్చు. కాని ఫోటోలో సగం నిండా వెనక నిలబడ్డ జనం ఉన్నారు. ఒక్కొక్క ముఖం చూడండి. కొందరిలో తృప్తి, కొందరిలో కుతూహలం, కొందరిలో అలసట. యుద్ధం ముగిసిందని జనరల్స్ సంతకాలు చేసిన ఫోటోలు ఎన్నో ఉన్నాయి. యుద్ధం ముగిశాక మనుషులు ఎలా ఉన్నారో చెప్పే ఫోటో ఇది.

1947లో ఆయన, రాబర్ట్ కాపా, ‘షిమ్’ అని పిలుచుకునే డేవిడ్ సేమర్, జార్జ్ రోడ్జర్, విలియం వాండివర్ట్ కలిసి మాగ్నమ్ అనే సంస్థ పెట్టారు. ఇది ఫోటోగ్రాఫర్ల సహకార సంస్థ. ఇక్కడ మన వృత్తివాళ్ళు చెవి ఒగ్గి వినాలి. అంతవరకు పత్రిక డబ్బిచ్చి పంపితే ఫోటో మీదా, నెగెటివ్ మీదా హక్కు సాధారణంగా పత్రికదే. కత్తిరించుకున్నా, పక్కన ఏ రాత రాసుకున్నా అడిగే దిక్కు లేదు. మాగ్నమ్ వాళ్ళు నెగెటివ్ మాది, హక్కు మాది, మీరు వాడుకోవడానికి మాత్రమే డబ్బిస్తున్నారు అని నిలబడ్డారు. అంతేకాదు, ఫోటో అంచులు కత్తిరించరాదు, ఫోటో కింద రాత అర్థం మార్చరాదు అని బ్రెస్సన్ పట్టుబట్టేవారు.

అంచుల గురించి అంత పట్టింపు ఎందుకని అడుగుతారేమో. నాకు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1991 గోదావరి పుష్కరాలప్పుడు నేను రాజమండ్రిలో ఒక పత్రికకు స్ట్రింగర్‌గా ఉన్నాను. పేరు అక్కర్లేదు. రేవు మెట్ల మీద ఒక పెద్దాయన భార్య అస్థికలున్న ముంతను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళలోకి దిగడానికి మనసు రావడం లేదు. రెండడుగుల దూరంలో నలుగురు పిల్లలు ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటూ కేరింతలు కొడుతున్నారు, ఆ నీటి చుక్కలు పెద్దాయన భుజం మీద పడుతున్నాయి, ఆయన తుడుచుకోవడం లేదు. ఆ రీలును కవరులో పెట్టి, పైన అడ్రసు రాసి, రాత్రి ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. అప్పట్లో మనందరం అలాగే పంపేవాళ్ళం కదా. రెండో రోజు పేపరులో పెద్దాయన ముఖం మాత్రమే వచ్చింది, రెండు కాలమ్‌ల వెడల్పున. పిల్లలు లేరు. కింద ‘పుష్కర ఘాట్‌లో వృద్ధుని విషాదం’ అని రాశారు. అది నేను చూసింది కాదు. నేను చూసిన దానిలో సగం అది, సగం నిజం. ఆ రోజే నాకు అంచుల విలువ తెలిసింది.

బ్రెస్సన్ కూడా ఫిల్ములు కడగకుండానే పంపించేవారు. ఢిల్లీ నుంచో, షాంఘై నుంచో రీళ్ళు విమానంలో పారిస్‌కో, న్యూయార్కుకో వెళ్ళేవి. తను తీసింది ఎలా వచ్చిందో చూసుకోవడానికి నెలలు పట్టేది. అందుకే ఆయన రీళ్ళతో పాటు వివరంగా రాతలు రాసి పంపేవారు. ఎవరు, ఎక్కడ, ఆ రోజు ఏం జరిగింది అని. చూడనివాళ్ళు తప్పు రాయకూడదని.

మాగ్నమ్ సభ్యులు ప్రపంచాన్ని పంచుకున్నప్పుడు ఆసియా ఈయన వంతుకు వచ్చింది. అప్పటి ఆయన భార్య రత్న మోహిని జావా దేశపు నర్తకి. ఆమెతో కలిసి 1947 శరత్కాలంలో, స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది వారాలకే, మన దేశంలో అడుగుపెట్టారు. ఆ రోజులు ఎలాంటివో మీకు చెప్పనక్కరలేదు. కురుక్షేత్రంలో లక్షల మంది కాందిశీకుల శిబిరం. అక్కడ ఆయన తీసిన ఫోటోలో ఏడుపు లేదు. మగవాళ్ళు గుంపుగా చేతులు పైకెత్తి ఎగురుతున్నారు. మొదటిసారి చూసినప్పుడు నేను పండుగ అనుకున్నాను. దిగులు, మందకొడితనం వదిలించడానికి శిబిరంలో చేయించిన వ్యాయామం అది. సర్వం పోగొట్టుకున్నవాళ్ళు గాలిలోకి ఎగురుతున్న ఆ ఫోటోను ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టుకుపోతుంది.

ఇక 1948 జనవరి. ఢిల్లీలో మతకల్లోలాలు ఆగాలని గాంధీజీ 13న నిరాహారదీక్ష మొదలుపెట్టి 18న విరమించారు. 27న మెహ్రౌలీలోని దర్గాకు వెళ్ళారు. అక్కడి నుంచి ఆయన తిరిగి వస్తుండగా బ్రెస్సన్ ఫోటో తీశారు. మూడు రోజుల తర్వాత, జనవరి 30 మధ్యాహ్నం, బిర్లా హౌస్‌లో గాంధీజీని కలుసుకునే అవకాశం ఆయనకు దొరికింది. నేను ఇందాక గుర్తుపెట్టుకోమన్న న్యూయార్కు ప్రదర్శన పుస్తకాన్ని ఆయన గాంధీజీ చేతికిచ్చారు. గాంధీజీ ఏమీ మాట్లాడకుండా ఒక్కొక్క పుట తిప్పుతున్నారు. ఒక ఫోటో దగ్గర ఆగారు. ఫ్రెంచి కవి పోల్ క్లోదెల్ దారిలో నిలబడి, పక్కనుంచి వెళుతున్న శవవాహనం వైపు తిరిగి చూస్తున్న ఫోటో అది. దీని అర్థమేమిటని గాంధీజీ అడిగారు. ఈయన కవి, మనిషి చివరికి ఏమవుతాడన్నదే ఆయన చింత అని బ్రెస్సన్ చెప్పారు. గాంధీజీ కాసేపు ఆలోచించి, ‘మృత్యువు, మృత్యువు, మృత్యువు’ అన్నారు.

బ్రెస్సన్ సెలవు తీసుకుని బయటికి వచ్చారు. ఆ సాయంత్రం 5 గంటల 17 నిమిషాలకు గాంధీజీ నేలకొరిగారు. వార్త వినగానే ఆయన బిర్లా హౌస్‌కు పరుగున తిరిగి వచ్చారు.

ఇక్కడ కాస్త నిదానించి చూద్దాం. మీరే ఆ గేటు దగ్గర ఉన్నారనుకోండి. చీకటి పడింది. ప్రపంచంలోని ప్రతి పత్రికా రేపు ఉదయానికి కోరేది ఒకే ఒక్క ఫోటో, అది లోపల గదిలో పడుకోబెట్టిన ఆ దేహం. అమెరికా నుంచి వచ్చిన మార్గరెట్ బర్క్-వైట్ గొప్ప ఫోటోగ్రాఫరు, ధైర్యవంతురాలు. ఆమె లోపలికి వెళ్ళి ఫ్లాష్‌తో తీయబోగా, దుఃఖంలో ఉన్నవారు ఆగ్రహించి ఆమె ఫిల్మును తీసేశారన్నది చరిత్రలో నమోదైన విషయం. ఆమెను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు; ఆ స్థితిలో మనలో చాలామందిమి అదే చేసి ఉండేవాళ్ళం. బ్రెస్సన్ మాత్రం గేటు దగ్గర, జనం వైపు ఉన్నారు. అప్పుడు నెహ్రూ గేటు మీదికి ఎక్కి నిలబడి, గాంధీజీ ఇక లేరని జనానికి చెప్పారు. ఆ ఫోటోను మన కొలతలతో చూస్తే బాగాలేదు. వెలుతురు చాలలేదు, బొమ్మ మసకగా ఉంది, ఒక దీపం కాంతి చెదిరిపోయి కనిపిస్తోంది, ముఖాలు సరిగా తెలియడం లేదు. ఏ డెస్కులోనైనా పక్కన పడేసే ఫోటో అది. కాని ఆ రాత్రి నెహ్రూ రేడియోలో, మన జీవితాల్లోంచి వెలుగు వెళ్ళిపోయిందని, అంతటా చీకటి ఉందని చెప్పిన మాటకు ఆ మసకదనం కంటే సరైన రూపం ఉంటుందా? ఫ్లాష్ వెలిగించి ఉంటే ముఖాలన్నీ స్పష్టంగా వచ్చేవి, ఆ చీకటి మాత్రం పోయేది. ఆ రోజు ఢిల్లీలో ఉన్న నిజం ఆ చీకటే.

మర్నాడు అంత్యక్రియలు. చితి దగ్గర ఎగసిన మొదటి మంటను చూస్తున్న అనుచరుడి ముఖం, కాపలా వరసలను తెంచుకుని దూసుకువచ్చిన జనసముద్రం, చెట్లెక్కి చూస్తున్నవాళ్ళు. ఆ తర్వాత ఫిబ్రవరిలో అస్థికలను ఢిల్లీ నుంచి అలహాబాద్‌కు తీసుకువెళ్ళిన రైలు. దారి పొడవునా కాచుకుని నిలబడ్డ జనాన్ని ఆయన తీశారు. ఈ ఫోటోలను అమెరికా నుంచి వెలువడే ‘లైఫ్’ పత్రిక ద్వారా ప్రపంచమంతా చూసింది. లండన్ గట్టు మీది జనాన్ని తీసిన మనిషే ఇక్కడా ఉన్నాడు. పదకొండేళ్ళ కిందట అక్కడ రాజు కోసం చూస్తున్నవాళ్ళు, ఇక్కడ రాజు కాని ఒక మనిషి కోసం ఏడుస్తున్నవాళ్ళు.

ఆ ఏడాది చివర ‘లైఫ్’ వారు రెండు వారాల పని మీద చైనాకు పంపితే పది నెలలు ఉండిపోయారు. ఒక ప్రభుత్వం కూలి మరొకటి రావడాన్ని చూశారు. షాంఘైలో డబ్బు విలువ పడిపోయి, మనిషికి 40 గ్రాముల బంగారం అమ్ముతామని ప్రకటించినప్పుడు, 1948 డిసెంబరులో బ్యాంకు ముందు ఒకరినొకరు పట్టుకుని, నలిగిపోతూ నిలబడ్డ వరసను తీశారు. అందులో బంగారం కనిపించదు, బ్యాంకు కూడా కనిపించదు. గోడకు అతుక్కుపోయిన చేతులు, మెడలు, ముఖాలు మాత్రమే. తర్వాత 1954లో, స్టాలిన్ మరణం తర్వాత సోవియట్ దేశానికి అనుమతి దొరికిన మొదటి పాశ్చాత్య ఫోటోగ్రాఫరు ఆయనే. అక్కడా కార్మికులు క్యాంటీనులో నాట్యం చేయడం, ట్రాము కోసం నిలబడ్డ అమ్మాయిలు, వీటినే తెచ్చారు.

1950లో మళ్ళీ మన వైపు వచ్చారు. ఇది తెలుగువాళ్ళకు దగ్గర సంగతి కాబట్టి చెబుతాను. ఏప్రిల్‌లో తిరువణ్ణామలైలో ఉన్నారు. రమణ మహర్షి చివరి రోజులు. అరుణాచలం నుంచి సూరి నాగమ్మ గారు అన్నగారికి తెలుగులో రాసిన లేఖలు చదివినవారు ఈ సభలో చాలామంది ఉంటారు. చలం గారు ఇల్లూ వాకిలీ వదిలి అక్కడికి చేరింది కూడా ఆ ఏడాదే. మహర్షిని బ్రెస్సన్ ఫోటోలు తీశారు. ఏప్రిల్ 14 రాత్రి, బస చేసిన ఇంటి నుంచి చూస్తుండగా, అంతకు ముందెన్నడూ చూడనంత వెలుగుతో ఒక తోకచుక్క లాంటి ఉల్క ఆకాశంలో నెమ్మదిగా కదిలి అరుణాచల శిఖరం వెనక మాయమైందని, గడియారం చూస్తే 8 గంటల 47 నిమిషాలైందని ఆయన చెప్పారు. మహర్షి శరీరం విడిచిన సమయం అదే. నమ్మకాల గురించి నేను వాదించను. జీవితమంతా ఖచ్చితంగా చూడడాన్ని వృత్తిగా పెట్టుకున్న మనిషి ఇచ్చిన సాక్ష్యం అది, అంతవరకే చెబుతాను.

అదే నెలలో పాండిచ్చేరికి వెళ్ళారు. అప్పటికి పాండిచ్చేరి, మన యానాం ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉన్నాయి. అరవిందులు ఎన్నో ఏళ్ళుగా ఎవరినీ ఫోటో తీయనివ్వలేదు. శ్రీమాత అనుమతితో బ్రెస్సన్ కొద్ది నిమిషాలు ఆ గదిలో నిలబడగలిగారు. అరవిందులు రెప్ప కూడా కదపలేదని ఆయన రాసుకున్నారు. ఆ డిసెంబరు 5న అరవిందులు దేహం చాలించారు. గాంధీజీ, రమణులు, అరవిందులు, ముగ్గురి చివరి కాలంలోనూ ఈ మనిషి కెమెరా అక్కడ ఉంది. ఇది ఎలా జరిగిందని నన్నడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఆయన్ను పొగడడానికే నేను రాలేదు. ఒక ప్రశ్న నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. దెస్సావ్‌లో తల వంచుకున్న ఆ స్త్రీని, షాంఘైలో నలిగిపోతున్న ఆ మనుషులను ఎవరు అడిగారు, మిమ్మల్ని ఫోటో తీయవచ్చా అని? ఎవరూ అడగలేదు. తనను ఎవరైనా ఫోటో తీయబోతే బ్రెస్సన్ ముఖం చాటేసుకునేవారు, ఇష్టపడేవారు కాదు. పక్కవాడి ముఖం మీద తనకున్న హక్కు తన ముఖం మీద ఇతరులకు ఇవ్వలేదు. ఈ తూకం సరిగా లేదు, ఒప్పుకుందాం. ఫోన్లతో అందరూ అందరినీ తీస్తున్న ఈ రోజుల్లో అది ఇంకా పెద్ద ప్రశ్న. ఆయన తరపున నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆయన ఎవరినీ నవ్వులపాలు చేయడానికి తీయలేదు. తల, కన్ను, హృదయం ఒకే గీత మీదికి రావాలని ఆయన అనేవారు. హృదయం అనే మూడో మాటను ఆయన ఊరికే చేర్చలేదు.

డెబ్బయిలు వచ్చేసరికి ఆయన దాదాపుగా కెమెరా పక్కన పెట్టి, పెన్సిలు పట్టుకుని, కుర్రతనంలో వదిలేసిన బొమ్మల దగ్గరికి తిరిగి వెళ్ళారు. ఆ కాలంలోనే పారిస్‌లో మన దేశపు ఫోటోగ్రాఫరు రఘు రాయ్ ప్రదర్శన చూసి, 1977లో ఆయన్ను మాగ్నమ్‌కు ప్రతిపాదించారు. 1970లో వివాహమాడిన మార్టిన్ ఫ్రాంక్ కూడా ఫోటోగ్రాఫరే. ఆయన పని భద్రపరచడానికి 2003లో పారిస్‌లో ఒక ఫౌండేషన్ తెరిచారు. 2004 ఆగస్టు 3న, 96వ పుట్టినరోజుకు ఇంకా కొద్ది రోజులుండగా, దక్షిణ ఫ్రాన్సులోని మోంజుస్తేఁలో కన్నుమూశారు.

నేను ఇక ఆపుతాను. గ్రంథాలయం వారు తెర, ప్రొజెక్టరు ఏర్పాటు చేశారు. వెనక కూర్చున్న బాబు లైట్లు తీసేస్తే, మొదట ఆ అస్థికల రైలు ఫోటో వేద్దాం. రైలు కోసం వెతకకండి. జనాన్ని ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క ముఖం చూసుకుంటూ కుడి అంచు దాకా రండి. తొందరేమీ లేదు, రెండు నిమిషాలు ఉంచుతాము.